ప్రభుత్వ పాలిటెక్నిక్ అభివృద్ధికి పూర్వ విద్యార్థులు ఎలా తోడ్పడాలి

తాము చదివిన ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు ఏదైనా చేయాలనుకునే పూర్వ విద్యార్థులు సాధారణంగా ముఖద్వారమో సభావేదికో కట్టించడానికి ముందుకు వస్తారు. ఆ కోరిక మంచిదే గాని, పదో తరగతి అయ్యాక పాలిసెట్ ర్యాంకుతో చేరిన పిల్లలకు పని చేతికి వచ్చేది వర్క్‌షాపులో కాబట్టి మొదట అక్కడికే వెళ్లాలి.

ప్రిన్సిపాల్ అనుమతి తీసుకుని, ప్రాక్టికల్స్ జరిగే వేళ సెక్షన్ హెడ్‌తో కలిసి వర్క్‌షాపు చూడండి. స్టాక్ రిజిస్టరులో ఎన్ని లేత్ మిషన్లు (లోహపు కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రాలు) ఉన్నాయో తెలుసుకోవడంతో సరిపెట్టక, వాటిలో ఎన్ని నడుస్తున్నాయో, ఒక్కో మిషను దగ్గర ఎంతమంది నిలబడుతున్నారో గమనించండి. మిషనులో కడ్డీని బిగించే చక్ అరిగిపోయి దాన్ని సరిగా పట్టకపోతే అది ఊగుతూ తిరుగుతుంది, ఎంత జాగ్రత్తగా టర్నింగ్ (చెక్కే పని) చేసినా వెర్నియర్ అనే సూక్ష్మ కొలత పరికరం పెట్టి చూస్తే కొలత తేడా వస్తుంది. అలాంటి మిషను రిజిస్టరులో ఉన్నా పిల్లలకు లేనట్టే. కొత్త మిషను కొనే ముందు చక్ మార్చడం, మోటారు రీవైండింగ్ చేయించడం వంటి మరమ్మతులతో ఎన్ని పనికి వస్తాయో లెక్క వేయించండి.

పరికరాలకన్నా అధ్యాపకుల ఖాళీలే పెద్ద సమస్య అని నా అభిప్రాయం. మంజూరైన పోస్టులెన్ని, రెగ్యులర్ లెక్చరర్లెందరు, గెస్ట్ లెక్చరర్లతో నడుస్తున్న సబ్జెక్టులేవి అన్న వివరాలు కళాశాలలో దొరకకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. సమాధానానికి సాధారణ గడువు 30 రోజులు. ఆ అంకెలతో సాంకేతిక విద్యాశాఖ కమిషనర్‌కూ స్థానిక శాసనసభ్యుడికీ ఇచ్చే వినతిపత్రానికి బలం ఉంటుంది. సాంకేతిక కోర్సుల నాణ్యతను పరిశీలించే ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు కోసం కళాశాల దరఖాస్తు చేసుకున్నప్పుడు కూడా అధ్యాపకుల సంఖ్య, ఉత్తీర్ణత, ఉద్యోగాల వివరాలను పరిశీలిస్తారు. మీ బ్యాచ్‌వారు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో జాబితా తయారుచేసి ఇస్తే అదీ ఉపకరిస్తుంది.

నిధులకు దగ్గరలోని పరిశ్రమలను అడగవచ్చు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి, వృత్తి నైపుణ్యాల శిక్షణ ఆ పద్దులోకి వస్తుంది. డబ్బుతో పాటు పారిశ్రామిక శిక్షణకు విద్యార్థులను తీసుకోమనీ, వారిని యంత్రాలు నడిచే షాప్‌ఫ్లోర్ మీద నిజంగా పనిలో పెట్టమనీ అడగండి. 1946లో మొదలైన కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ వంటి పాత కళాశాలల నుంచి ఎన్నో తరాలు బయటికి వచ్చాయి గనుక అలాంటి పరిచయాలు దొరకడం కొంత తేలిక. కొత్త కళాశాలలవారు జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా ప్రయత్నించాలి.

ఇచ్చే ప్రతి పరికరానికీ త్రీఫేజ్ కరెంటు, ఎర్తింగ్, నిర్వహణ ఖర్చు ఎవరిదో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. అప్పగించిన రోజే దాన్ని స్టాక్ రిజిస్టరులో నమోదు చేయించి, నకలు మీ సంఘం దగ్గర ఉంచుకోండి.