ఫ్యామిలీ ఫొటోకి బట్టలు: ముందు ఒకరివి తేల్చుకోండి, మిగతావాళ్లవి దాన్ని బట్టి

ఫ్యామిలీ ఫొటో అనగానే ఇంట్లో మొదట వచ్చే మాట "అందరం ఒకే రంగు వేసుకుందాం" అని. వినడానికి బాగానే ఉంటుంది, ఫొటోలోకి వచ్చేసరికి తేడా కొడుతుంది. ఐదుగురు నల్ల చొక్కాలు వేసుకుని భుజాలు ఆనించి నిలబడితే ఒకరి చెయ్యి ఎక్కడ అయిపోయిందో, పక్కవాళ్ల భుజం ఎక్కడ మొదలైందో తెలీదు. కింద ఒకే నల్లటి ముద్ద, దాని మీద ఐదు తలకాయలు. పోనీ అందరికీ తెలుపు అనుకుంటే అక్కడ ఇంకో చిక్కు. బట్టలు తెల్లగా కనబడటానికి సబ్బు పొడుల్లో కలిపే పదార్థాలు అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతాయి. అందుకే ఆరుబయట కొత్త తెల్లచొక్కా నీలంగా మెరుస్తుంది, దాని పక్కన నిలబడ్డ పాత చొక్కా మాసినట్టు కనిపిస్తుంది. ఐదు తెలుపులూ ఐదు రకాలుగా వస్తాయి.

రంగులు ఒకటి కానక్కర్లేదు, ఒకదాని పక్కన ఒకటి ఇమిడితే చాలు. ఎవరితో మొదలుపెట్టామన్న దాని మీదే అది ఆధారపడి ఉంటుంది.

ఎవరితో మొదలుపెట్టాలి

ఎవరికి బట్టలు కుదరడం కష్టమో వాళ్లతో. చాలా ఇళ్లలో అది అమ్మ. కట్టుకోబోయే చీరో, వేసుకోబోయే డ్రెస్సో ఒంటికి సరిపోవాలి, ఆ రంగు ముఖానికి నప్పాలి, రేపు ఫొటోలో తనని తాను చూసుకుని ఇష్టపడాలి. ఇన్నీ కుదిరేవి బీరువా మొత్తం మీద రెండో మూడో ఉంటాయి. నాన్నకీ పిల్లలకీ సాదా చొక్కాలు ఏ రంగులో కావాలన్నా దొరుకుతాయి కాబట్టి వాళ్లవి చివరికి వదిలేయొచ్చు. ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు: ముందు పిల్లలకి ముచ్చటపడి డ్రెస్సులు కొనేస్తారు, ఆఖరికి అమ్మ "నాదేముందిలే, ఏదో ఒకటి" అని సరిపెట్టుకుంటుంది. ఆ ఫొటో తర్వాత గోడకెక్కదు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మొదట ఎంచుకున్న బట్ట డిజైన్ ఉన్నదైతే సగం పని అయిపోయినట్టే. గంధం రంగు చీర మీద ఇటుక రంగు పువ్వులు, ముదురు ఆకుపచ్చ ఆకులు ఉన్నాయనుకోండి. నాన్నకి ముదురు ఆకుపచ్చ సాదా చొక్కా. పెద్దమ్మాయికి ఇటుక రంగు కుర్తా, అదీ చీర మీది పువ్వు కన్నా ఒక పిసరు వెలిసిన ఛాయలో. బుడ్డోడికి గంధం రంగు చొక్కా, గోధుమరంగు ప్యాంటు. బామ్మ ఉంటే ఆకుపచ్చలోనే బాగా లేత ఛాయ. డిజైన్ వేసినవాళ్లు ఈ రంగుల్ని ముందే జత కుదిర్చి పెట్టారు, మనం విడదీసి మనుషులకి పంచుతున్నాం, అంతే. మూడు రంగులు, వాటితో తగాదా పెట్టుకోని క్రీమ్, బూడిద లాంటిది ఒకటి. ఐదారుగురికి అంతకు మించి అక్కర్లేదు.

డిజైన్ బట్టలు ముగ్గురిలో ఒకరికి చొప్పున ఉంటే సరిపోతుంది. రెండోది కూడా ఉంటే అవి రెండూ ఒకే సైజు డిజైన్ కాకుండా చూసుకోండి. పిడికిలంత పువ్వుల పక్కన బొటనవేలి గోరంత చుక్కలు బాగుంటాయి. పిడికిలంత పువ్వుల పక్కన పిడికిలంత గళ్లు పెడితే రెండూ కొట్టుకుంటాయి. పసిపిల్లలకి పెద్ద డిజైన్ వద్దు, బిడ్డ కన్నా పువ్వే పెద్దగా కనిపిస్తుంది.

మంచం మీద పరిచి చూడండి

బట్టలు అనుకున్నాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పది నిమిషాల పని. పగటిపూట, కిటికీ పక్కన, ట్యూబులైటు ఆర్పేసి, సాదా దుప్పటి మీద అందరి బట్టల్నీ ఫొటోలో నిలబడే వరసలోనే పరవండి. చెప్పులు, బూట్లు, చున్నీ కూడా. పగటి వెలుగు ఎందుకంటే, ట్యూబులైటు కింద అచ్చంగా ఒకటే అనిపించిన రెండు నీలాలు ఎండలో చూస్తే ఒకటి ఊదా వైపు, ఇంకోటి పచ్చ వైపు తిరగొచ్చు. స్టూలెక్కి పైనుంచి ఫోన్లో ఒక ఫొటో తీసి, దాన్ని ఎడిట్‌లో బ్లాక్ అండ్ వైట్‌గా మార్చండి.

ఇప్పుడు రంగులు పోయాయి, లేత ముదురు తేడాలు మాత్రమే మిగిలాయి. పక్కపక్కనే ఉన్న రెండు బట్టలు ఒకే బూడిద రంగులో కలిసిపోయాయా? అయితే ఆ ఇద్దరూ ఫొటోలో అతుక్కుపోతారు. ఎరుపు, ఆకుపచ్చ చాలాసార్లు ఇలాగే మోసం చేస్తాయి: కంటికి ఆమడ దూరం, బూడిదలోకి వస్తే ఒక్కటే. వరస మార్చండి, లేదా ఒకరికి లేత ఛాయ ఇవ్వండి. ముదురువన్నీ ఒక పక్కకే చేరితే ఫొటో ఆ వైపుకి ఒరిగినట్టుంటుంది. ఒక్కటే తెల్లగా మెరుస్తుంటే చూసేవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది. ఆ తెలుపు మధ్యలో ఉన్న బామ్మదైతే మంచిదే, చివరన నిలబడ్డ బాబాయిదైతే నష్టం. తర్వాత ఆ ఫొటోని తపాలా బిళ్ల అంత చిన్నగా చేసి చూడండి, ఎక్కడ తేడా ఉందో ఇట్టే దొరికిపోతుంది.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇంకో సంగతి. బిడ్డ నిలబడదు, ఎవరి చంకలోనో ఉంటుంది. అంటే ఎత్తుకున్నవాళ్ల చొక్కాయే బిడ్డకి బ్యాక్‌గ్రౌండు. క్రీమ్ చొక్కా మీద క్రీమ్ గౌను వేస్తే బిడ్డ ముఖం ఒక్కటే గాల్లో తేలుతుంది. ఎత్తుకునేవాళ్లది ముదురైతే బిడ్డది లేత, వాళ్లది డిజైనైతే బిడ్డది సాదా. ఎత్తుకోగానే చొక్కా పైకి లేచి పొట్ట, డైపరు బయటపడతాయి, కాబట్టి కింద బటన్లు ఉండే ఒకే ముక్క డ్రెస్సు మేలు.

కెమెరాకి పడనివి

సన్నటి చారలు, చిన్న చిన్న గళ్లు వద్దు. ఆఫీసుకి వేసుకునే ఫార్మల్ చొక్కాల్లో ఇవే ఎక్కువ. కెమెరా సెన్సార్ ఒక సన్నటి జల్లెడ లాంటిది, బట్ట మీది గీతలు ఇంకో జల్లెడ. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడితే అలలు కనిపించినట్టే చొక్కా మీద రంగురంగుల అలలు తేలతాయి. దీన్ని మోయిరే అంటారు. ఎడిటింగ్‌లో తీసేయడం కష్టం. చార కనీసం చిటికెన వేలు వెడల్పు ఉంటే భయం లేదు.

చిక్కటి ఎరుపు మీద నేరుగా ఎండ పడితే సెన్సార్‌లో ఎరుపు వాటా నిండిపోతుంది. అప్పుడు మడతలు, నేత, కుట్టు అన్నీ మాయమై ఎర్ర కాగితం కత్తిరించి అంటించినట్టు వస్తుంది. మెరూన్, ఇటుక రంగుతో ఈ గొడవ తక్కువ. రేడియం రంగులు, రాణీ పింకు ఇంకో రకం ఇబ్బంది పెడతాయి: వాటి మీద పడ్డ వెలుగు ఎగిరి గడ్డం కింద, మెడ మీద ఆ రంగు పులుముతుంది. వేసుకున్నవాళ్లకే కాదు, పక్కన నిలబడ్డవాళ్ల చెంపకి కూడా. ఇదే పద్ధతిలో లేత రంగు బట్ట మేలు చేస్తుంది, ముఖం కింద మెత్తటి వెలుగు నింపుతుంది.

శాటిన్ బట్ట ప్రతి ముడతనీ చాటింపు వేస్తుంది. అద్దాలు, చెమ్కీలు ఫ్లాష్ పడితే తెల్లచుక్కలైపోతాయి. జరీ ఉంటే ఫ్లాష్ నేరుగా కొట్టకుండా పక్కనుంచి వెలుగు పెట్టమని ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి.

పల్చటి బట్టని వేసుకుని కిటికీకి వీపు పెట్టి నిలబడి ఎవరినైనా చూడమనండి. సాయంత్రం సూర్యుణ్ణి వెనక పెట్టుకుని తీసే ఫొటోల్లో కాళ్ల ఆకారం మొత్తం కనబడిపోతుంది, లోపల లంగా గానీ లైనింగ్ గానీ తప్పదు. తెల్ల చొక్కా లోపల తెల్ల బనీను వేస్తే దాని అంచు గీతలా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నది వేస్తే తెలీదు.

అక్షరాలున్న టీషర్టు అసలొద్దు. ఎదురుగా అక్షరం ఉంటే మనిషి దాన్ని చదవకుండా ఉండలేడు, ముఖం తర్వాతే.

బ్యాక్‌గ్రౌండు సంగతి క్లుప్తంగా: పచ్చిక, చెట్లు ఉన్నచోట ఆకుపచ్చ వేసుకున్నవాళ్లు వెనక్కి కలిసిపోతారు, అక్కడ క్రీమ్, ఇటుక రంగు, ఆవపిండి రంగు తేలతాయి. స్టూడియోలో తెర ఏ రంగో ముందే అడగండి. తెల్ల తెర ముందు తెల్లచొక్కా అంచులు కరిగిపోతాయి.

కూర్చుని చూసుకోండి

బట్టలు అద్దం ముందు నిలబడి చూసుకుంటాం, ఫొటోల్లో సగం కూర్చుని తీస్తారు. అందుకే వారం ముందు ఒకసారి అందరూ పూర్తిగా వేసుకుని కుర్చీలో కూర్చోండి, నేల మీదా కూర్చోండి. చొక్కా బటన్ల మధ్య నోరు తెరుచుకుంటుందా, ప్యాంటు పైకి జరిగి సాక్సు పైన పిక్క కనిపిస్తోందా, గౌను మోకాలు దాటి ఎంత పైకి పోతోంది, బూటు అడుగుకి ధర చీటీ అంటుకుని ఉందా, అన్నీ అప్పుడే బయటపడతాయి. టైలరుకి ఇవ్వడానికి టైమూ ఉంటుంది. పిల్లలకి ఈ పరీక్ష మరీ ముఖ్యం, రెండు నెలల కింద కొన్నది ఇప్పుడు చంకల్లో బిగుసుకోవచ్చు.

చేతులు లావుగా కనిపిస్తాయని బెంగపడేవాళ్లకి మోచేతి కింది దాకా వచ్చే చేతులు బాగుంటాయి. స్లీవ్‌లెస్‌లో భుజం కెమెరా వైపు తిరిగితే ఫొటోలో అన్నిటికన్నా వెలుగున్న భాగం అదే అవుతుంది. పొట్టి మెడకి మూసుకున్న కాలరు కన్నా వి-మెడ నయం.

చెమట పట్టేవాళ్లకి బూడిద రంగు, లేత నీలం వద్దు, తడి చుక్క పడితే ముదురు మచ్చ అవుతుంది. తెలుపులోనూ నేవీ బ్లూలోనూ అంతగా తెలీదు.

ఆ రోజు

ఇస్త్రీ ముందురోజే చేసి హ్యాంగర్‌కి తగిలించి ఉంచండి, మడత పెట్టొద్దు. పక్కనుంచి పడే వెలుగులో మడత గీత కాలువలా కనిపిస్తుంది. లినెన్ అయితే కార్లో పావుగంట కూర్చుంటే చాలు, సీటుబెల్టు గీత పడిపోతుంది. బట్టలు పట్టుకెళ్లి అక్కడే మార్చుకోవడం మంచిది. పిల్లలకి ముందు తినిపించి, ఫొటోకి పావుగంట ముందు మాత్రమే తొడగండి, అదే రంగులో ఇంకో జత సంచిలో ఉంచండి.

బిగుతు సాక్సులు, వాచీ, చేతికి వేసుకున్న రబ్బరుబ్యాండు గంట ముందే తీసేయండి, చర్మం మీద అచ్చులు పోవడానికి ఆ మాత్రం పడుతుంది. ఎండకి నల్లబడే కళ్లద్దాలు ఉన్నవాళ్లు మామూలు జత తెచ్చుకోవాలి. అద్దంలో లైటు మెరుస్తుంటే చెవి మీది కాడని కొద్దిగా పైకి ఎత్తితే అద్దం కిందికి వంగి మెరుపు తప్పుకుంటుంది.

సంచిలో నాలుగు పిన్నీసులు, సెలోటేపు ఒకటి వేసుకోండి. ముదురు బట్టల మీది నూగుకీ వెంట్రుకలకీ టేపుని జిగురు పైకి ఉండేలా వేళ్లకి చుట్టి అద్దితే వచ్చేస్తుంది. జేబుల్లోంచి ఫోన్లు, తాళాలు, పర్సులు తీసేయించండి. మొదటి ఫొటో తీయగానే ఫొటోగ్రాఫర్ని ఆపి, దాన్ని కెమెరాలోనే పెద్దది చేసి ఒక్కొక్కరి మెడ దగ్గర చూడండి: కాలరు ఒక పక్క లేచిందా, గొలుసు బిళ్ల తిరగబడిందా, లోపలి స్ట్రాపు బయటికొచ్చిందా. సరిచేసుకున్నాకే రెండో ఫొటో.