పాత ఆల్టోకి పికప్ ఎట్లా వచ్చిందంటే

మిర్యాలగూడ రైస్‌మిల్లుల దారిలో రోజూ తిరిగే బండి. ఏసీ వేస్తే మూడో గేరులో లాగట్లేదు. ఎయిర్ ఫిల్టర్ మడతల నిండా ఊక దుమ్ము. గాలి కొట్టించి మళ్లీ పెట్టొద్దు, కాగితం చిరిగితే దుమ్ము నేరుగా సిలిండర్లోకే, కొత్తది వేశాం. స్పార్క్ ప్లగ్గులు మూడూ ఇంజిన్ చల్లారాకే విప్పాలి, లేకుంటే అల్యూమినియం హెడ్‌లో మరలు పోతాయి. కొత్తవి చేత్తో చివరిదాకా బిగించి, పానాతో అర చుట్టు చాలు.

అసలు దొంగ వేరే. 10 కిలోమీటర్లు నడిపి చూస్తే ముందు ఎడమ చక్రం ఒక్కటే కాలుతోంది. జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పితే కదలడమే కష్టం. బ్రేకు ప్యాడ్లను డిస్కుకి నొక్కే కాలిపర్ జరిగే పిన్నులు తుప్పుపట్టి బ్రేకు వదలట్లేదు. ఎమరీ పేపరుతో రుద్ది, సిలికాన్ గ్రీజు రాశాక తేలిగ్గా తిరిగింది. మామూలు గ్రీజైతే పిన్నుల రబ్బరు తొడుగులు ఉబ్బుతాయి.