మాయా శిథిలాల వద్ద, కరీబియన్ తీరాన ఫొటోలు తీసుకునే విధానం

మెక్సికోలోని ప్రాచీన మాయా నాగరికత నాటి శిథిల నగరం చిచెన్ ఇట్సాలో మంచి ఫొటో కావాలనుకునేవారు ఉదయం ఎనిమిదింటికి గేటు తెరిచే వేళకే అక్కడ ఉండాలి. కరీబియన్ తీరాన ఉన్న రిసార్టుల నగరం కాంకున్ నుంచి దాదాపు 200 కిలోమీటర్ల ప్రయాణం కాబట్టి చీకటితోనే బయలుదేరక తప్పదు, అయితే చిచెన్ ఇట్సా ఉన్న యుకతాన్ రాష్ట్రంలో గడియారం కాంకున్ కంటే ఒక గంట వెనక నడుస్తుంది గనుక ఆ గంట మనకు కలిసివస్తుంది. సుమారు 30 మీటర్ల ఎత్తున్న కుకుల్కాన్ పిరమిడ్‌ను ఎదురుగా నిలబడి కాక, ఒక మూలకు జరిగి రెండు ముఖాలూ కనబడేలా తీస్తే, ఒకవైపు ఎండ, మరోవైపు నీడ పడి తొమ్మిది అంతస్తుల అంచులూ స్పష్టంగా తేలుతాయి. మనవాళ్లను పిరమిడ్ పాదం దగ్గర నిలబెడితే చీమల్లా కనిపిస్తారు; కెమెరాకు నాలుగైదు అడుగుల దూరంలో నిలబెట్టి, కట్టడాన్ని వెనక ఉంచాలి. మెట్లెక్కడం నిషిద్ధం.

మరో మాయా స్థలమైన తులుమ్ శిథిలాలు కరీబియన్ సముద్రానికి పడమటి ఒడ్డున, తూర్పున సముద్రం కనబడేలా, కొండచరియపై ఉన్నందున వాటికి ఉదయపు వెలుగే తగినది.

రిసార్టులో ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే లెన్సుపై ఆవిరి పట్టేస్తుంది (నా మొదటి రోజు ఫొటోలన్నీ అలా మసకబారినవే), కాబట్టి దాన్ని అరగంట ముందే సంచితో సహా బాల్కనీలో నీడన ఉంచాలి. తెల్లని ఇసుక మెరుపు కెమెరాను మోసగించి ముఖాలను నల్లగా చూపుతుంది; అప్పుడు ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుతురును) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచాలి.