బెంగళూరులో ఇల్లు కొనేముందు: మీటరుకు చిక్కని కావేరి లైనును పట్టుకోవడం

గేటు పక్కన నీళ్ల మీటరు కనిపించిందని, జలమండలి (నగరానికి కావేరి నది నీళ్లు పైపుల్లో ఇచ్చే సంస్థ, బీడబ్ల్యూఎస్ఎస్‌బీ) బిల్లు చూపించారని ఇంట్లోకి వచ్చే కావేరి నీళ్లన్నీ ఆ మీటరులోంచే వస్తున్నాయని అనుకోవద్దు. పాత 30×40 అడుగుల సైట్లలో, అంతస్తు మీద అంతస్తు వేసి అద్దెకిచ్చిన ఇళ్లలో రెండో లైను ఉండొచ్చు. అది మట్టికింద ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. ఇల్లు చూడటానికి కావేరి నీళ్లు వదిలే రోజున, వదిలే టైముకే వెళ్లండి. ఆ టైము అమ్మేవాళ్లను కాదు, పక్కింటివాళ్లను అడగండి. టార్చి, టేపు, 20 లీటర్ల బకెట్టు, టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది), క్లోరిన్ టెస్ట్ కిట్ వెంట ఉండాలి.

సమస్య: మీటరు వాల్వు కట్టేసినా సంపులో నీళ్లు పడుతున్నాయి

ముందు బోరు స్టార్టరు ఆపించండి. బోరు లైను కూడా సంపులోకే వస్తే లెక్క తప్పుతుంది. తర్వాత మీటరు అద్దంలో చిన్న నక్షత్రం లాంటి చక్రాన్ని టార్చి వేసి చూడండి. అది మెల్లగా తిరుగుతుంటే పాత గేట్ వాల్వు పూర్తిగా పట్టడం లేదంతే. వాల్వు మార్పిస్తే సరిపోతుంది. చక్రం కదలకుండా సంపులో ధార పడుతుంటే మాత్రం ఆ నీళ్లు వేరే దారిన వస్తున్నట్టే. ఆ ధారనే పట్టి పరీక్షించండి. క్లోరిన్ కిట్‌లో రంగు వచ్చి, టీడీఎస్ బోరు నీళ్లకంటే బాగా తక్కువుంటే అవి కావేరి నీళ్లే. రంగు రాక, టీడీఎస్ 500 దాటితే బోరు ఇంకా ఎక్కడో నడుస్తోంది.

కారణం రెండింటిలో ఒకటి. మీటరుకు ముందు టీ (మూడు మూతుల జాయింటు) వేసి, మీటరును తప్పించే బైపాస్ పైపు తీసి ఉంటారు, లేదా రోడ్డు కింది మెయిన్ పైపు మీద ఇంకో ఫెర్రూల్ (మెయిన్‌కు రంధ్రం చేసి ఇంటి పైపు కలిపే బిగింపు) కొట్టించి ఉంటారు. కాంపౌండు బయట, రోడ్డు వైపు స్టాప్ వాల్వు ఉంటే దాన్ని కట్టి చూడండి. ధార ఆగితే బైపాస్, ఆగకపోతే రెండో ఫెర్రూల్. సంపు మూత తీసి చూసినా ఒక్కోసారి తెలిసిపోతుంది: రెండు పైపు మూతులుంటాయి, బాల్ కాక్ (సంపు నిండగానే నీళ్లు ఆపే తేలే బంతి వాల్వు) ఒక్కదానికే ఉంటుంది.

బైపాస్ అయితే టీ తీసేసి పైపు తిన్నగా కలపాలి, మీటరుకు మళ్లీ సీలు వేయించాలి. ఫెర్రూల్ అయితే మెయిన్ దగ్గరే మూయాలి. ఆ పని జలమండలి సబ్ డివిజన్ వాళ్లదే. అమ్మేవాళ్ల ప్లంబరు కాంపౌండు లోపల ఎండ్ క్యాప్ బిగించి, సిమెంటు పూసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకండి. మట్టిలో మిగిలిన ముక్కలో ప్రెషరు అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు పునాది పక్కనే కారడం మొదలవుతుంది.

సమస్య: మీటరు తిరుగుతోంది, కానీ సంపు లెక్కతో పొంతన లేదు

8×6 అడుగుల సంపులో ఒక్క అంగుళం నీళ్లంటే సుమారు 113 లీటర్లు. మోటరు ఆపి, మూడు అంగుళాలు పెరిగేదాకా చూస్తే మీటరు సుమారు 340 లీటర్లు చూపాలి. నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్రవి అందులో భాగాలు. నీళ్లు వదిలిన మొదటి కొద్ది నిమిషాల రీడింగు లెక్కలోకి తీసుకోకండి. అప్పుడు పైపులోని గాలి కూడా మీటరును తిప్పుతుంది.

340కి 150 చూపిందనుకోండి, మీటరు తప్పా, లైను తప్పా? మీటరు దాటాక మొదటి కొళాయి దగ్గర, మిగతావన్నీ కట్టేసి, 5 బకెట్లు పట్టండి. మీటరు 100 లీటర్లకు దగ్గరగా చూపితే అది బాగానే ఉంది, రెండో లైను వెతకండి. ఇక్కడా తక్కువే చూపితే మీటరు అరిగిపోయింది, మార్పించాలి.

సమస్య: ప్రతినెలా ఒకటే బిల్లు

మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఐదుగురికి నెలకు సుమారు 20 కిలోలీటర్లు కావాలి. బోరు లేదు, ట్యాంకరు రాదు, బిల్లు మూడు నాలుగు కిలోలీటర్లకే అంటే ఏదో తేడా ఉంది. 12 నెలల బిల్లులు అడిగి, మొత్తం కాదు, రీడింగులు చూడండి. అంకె కదలకపోతే మీటరు ఆగిపోయి ఉంటుంది.

సమస్య: కావేరి రాని రోజున మీటరు వెనక్కి తిరుగుతోంది

ఇది బిల్లు గొడవ కాదు, ఆరోగ్యం గొడవ. బోరు లైనును కావేరి లైనుతో నేరుగా కలిపేశారు. ఖాళీ అయిన మెయిన్‌లోకి మీ బోరు నీళ్లు వెళ్తున్నాయి. నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పెడితే చాలంటారు. ఇసుక రేణువు అడ్డుపడినా అది పట్టదు. రెండు లైన్లనూ విడదీసి సంపులోకి వేర్వేరుగా దింపండి. సంపు నిండినా పైపు మూతి నీటికి తగలకూడదు. మధ్య ఖాళీ పైపు వ్యాసానికి కనీసం రెండింతలుండాలి.

అపార్ట్‌మెంట్లలో సంగతి వేరు. బయట ఒకే పెద్ద మీటరు, లోపల ఫ్లాటుకో లెక్క లేకపోవడం మామూలే, దొంగతనం కాదు. సబ్ మీటర్లు పెట్టాలంటే ముందు ఫ్లాటులోకి ఎన్ని షాఫ్టుల (పైపులు పైనుంచి కిందికి దిగే గొట్టపు సందుల) నుంచి పైపులు వస్తున్నాయో లెక్కపెట్టండి. బాత్రూములకు, వంటింటికి వేర్వేరుగా వస్తే అన్ని మీటర్లు కావాలి.

అక్రమ కనెక్షన్ బయటపడితే ఒప్పందంలో రాయించండి: రిజిస్ట్రేషన్‌కు ముందే అమ్మేవాళ్లు తమ ఖర్చుతో తీయించాలి, బాకీలు కట్టాలి, ఆర్ఆర్ నంబరు (బిల్లు మీదుండే కనెక్షన్ నంబరు) మీ పేరుకు మార్పించడానికి సంతకాలు చేయాలి. జలమండలి హెల్ప్‌లైన్ 1916. ఫెర్రూల్ మూశామన్నాక ఇంకో నీళ్ల రోజున వెళ్లి, వాల్వు కట్టి మొదటి పరీక్ష మళ్లీ చేయండి. సంపులో ధార పడకపోతేనే మిగతా డబ్బు ఇవ్వండి.