చూజ్‌తో చిక్కులు: తప్పు ఎక్కడుంది, ఎలా సరిచేసుకోవాలి

అమెరికా చదువుకి వెళ్లే పిల్లలకు వీసా ఇంటర్వ్యూలో దాదాపు తప్పని ప్రశ్న ఒకటుంది: "వై డిడ్ యూ చూజ్ దిస్ యూనివర్సిటీ?" ప్రాక్టీసు చేయించేటప్పుడు నాకు ఎక్కువగా వినబడే తప్పులు ఈ ఒక్క చూజ్ చుట్టూనే తిరుగుతుంటాయి.

సమస్య: జవాబు "ఐ చూజ్ దిస్ యూనివర్సిటీ..." అని మొదలవుతుంది

కొందరు "ఐ చూజ్డ్" అని కూడా అంటారు. టెన్షన్ వల్ల అనుకుంటాం కానీ అసలు కారణం తెలుగులో ఉంది. "ఎందుకు ఎంచుకున్నావు?" అని అడిగితే "ఎంచుకున్నాను" అంటాం. ప్రశ్నలోని క్రియే జవాబులోకి వస్తుంది, చివర ఒక్కటే మారుతుంది. ఇంగ్లిష్‌లోనూ అలాగే ప్రశ్నలోని చూజ్‌ని ఎత్తుకొచ్చి జవాబులో పెట్టేస్తాం. ప్రశ్నలో జరిగిపోయిన సంగతి అని చెప్పేది డిడ్. అది ఉంది కాబట్టే చూజ్ మారకుండా నిలిచింది. జవాబులో డిడ్ ఉండదు, కాబట్టి చూజే మారాలి: "ఐ చోజ్ దిస్ యూనివర్సిటీ." హ్యావ్ పక్కన అయితే చోజెన్: "ఐ హ్యావ్ చోజెన్."

చూజ్, చోజ్, చోజెన్ అని పట్టిక బట్టీ పడితే ఇంటర్వ్యూ గదిలో గుర్తురాదు. డిడ్‌తో ప్రశ్నలు అడిగించుకుని, డిడ్ లేకుండా జవాబు చెప్పడం రోజూ పది నిమిషాలు చేయండి. ఫ్రీజ్, ఫ్రోజ్, ఫ్రోజెన్ కూడా ఇదే బాణీ. రెండూ కలిపి పైకి అనుకుంటే చెవికి పట్టేస్తుంది.

సమస్య: రాసేటప్పుడు చూజ్, చోజ్ తారుమారు

ఇందులో మీ తప్పు కొంతే. చూజ్‌లో రెండు ఓలు, చోజ్‌లో ఒకటి. సరే అనుకునేలోపు, పోగొట్టుకోవడం అనే అర్థమున్న లూజ్‌లో ఒక్క ఓనే పెట్టి ఊ అని పలకమంటారు. ఇంగ్లిష్‌వాళ్లకే ఈ స్పెల్లింగ్ చాలాకాలం కుదురుకోలేదు. 1787 నాటి అమెరికా రాజ్యాంగంలో చూజ్‌ని ఓలు లేకుండా యూతో రాశారు. మనం మాత్రం ఇప్పటి పద్ధతే పాటించాలి: చూజ్ అని సాగితే రెండు ఓలు, చోజ్ అయితే ఒకటి. లూజ్‌ని ఈ లెక్కలోకి తేకండి.

సమస్య: "ఐ వాజ్ చోజెన్ దిస్ కోర్స్"

వాజ్ చేరితే ఎంచుకున్నది మీరు కాదు, మిమ్మల్ని ఎవరో ఎంచుకున్నారని అర్థం. వాజ్ తీసేసి "ఐ చోజ్" అంటే చాలు.

సమస్య: వెళ్లలేదని చెప్పబోతే, వెళ్లినట్టు అర్థమవుతుంది

ఇది కాస్త లోతైన చిక్కు. చూజ్ పక్కన టు వస్తే నాలుగింటిలో ఒకటి ఏరుకోవడం కాదు, నిర్ణయం తీసుకోవడం. "ఐ చోజ్ నాట్ టు గో" అంటే వెళ్లకూడదని నేనే నిర్ణయించుకున్నాను. "ఐ డిడ్ నాట్ చూజ్ టు గో" అంటే, వెళ్లడం నా నిర్ణయం కాదు అని. వినేవాళ్లు సాధారణంగా 'పాపం, పంపించారు కాబట్టి వెళ్లాడు' అనుకుంటారు. తెలుగులో "వెళ్లాలనుకోలేదు" అన్న ఒక్క మాట ఈ రెండు చోట్లా సరిపోతుంది కాబట్టి మనకు తేడా తట్టదు. నిర్ణయం మీదైతే నాట్‌ని చోజ్ తర్వాత పెట్టండి.

సమస్య: "ఐ ప్రిఫర్ టీ దాన్ కాఫీ"

మన 'కంటే'ని దాన్‌గా మార్చేస్తున్నాం. ప్రిఫర్‌కి టు కావాలి: "టీ టు కాఫీ." చూజ్‌కి ఓవర్: "ఐ చోజ్ టీ ఓవర్ కాఫీ." రెండింటి మధ్య ఎంచుకోమంటే బిట్వీన్, అండ్ జంటగా వస్తాయి, అక్కడ ఆర్ పనికిరాదు. వెబ్ ఆప్షన్ల పుణ్యమా అని మనకు బాగా అలవాటైన ఆప్ట్‌కి ఫర్ ఉండాల్సిందే: "ఐ ఆప్టెడ్ ఫర్ సివిల్." అదే ఫర్‌ని చూజ్‌కి తగిలించి "ఐ చోజ్ ఫర్ సివిల్" అనకండి.

సమస్య: చూజా, సెలెక్టా, ఎలెక్టా?

ఓట్లేసి ఎన్నుకుంటే ఎలెక్ట్. జల్లెడ పట్టి తీసుకుంటే సెలెక్ట్. ఏదో ఒకటి తీసుకో అన్నట్టయితే పిక్. వీటిలో దేనిమీదైనా అనుమానముంటే చూజ్ వాడేయండి, చాలాచోట్ల నెగ్గుకొస్తుంది. అమెరికా రాజ్యాంగం ప్రతినిధుల సభ సభ్యుల్ని జనం రెండేళ్లకోసారి ఎన్నుకుంటారని చెప్పడానికి కూడా చోజెన్ అనే వాడింది. అన్నట్టు, ఈ మాటకు మూలం రుచి చూడటం. సంస్కృతంలోని జుష్ ధాతువు దీనికి చుట్టమే. గీతలో అర్జునుణ్ణి కృష్ణుడు మందలించే 'అనార్యజుష్టం' (శ్రేష్ఠులు కానివాళ్లు ఇష్టపడేది) అన్న మాటలో ఉన్నది అదే.

సమస్య: "ఐ యామ్ చూజీ" అంటే ఎదుటివాళ్లు నవ్వారు

ఆచితూచి ఎంచుకుంటానని మీ ఉద్దేశం. వాళ్లకు వినబడింది, దేనికైనా వంకలు పెట్టే మనిషినని. ఇంటర్వ్యూలో "ఐ చూజ్ కేర్‌ఫుల్లీ" అనండి. చూజీ మాట పెళ్లిచూపుల కబుర్లకు ఉంచుకోండి.