ముల్లు కదలకపోయినా, కదిలి తప్పు చూపించినా: పాత లైట్ మీటర్ల సెల్లు సమస్య – పరిష్కారం

1960, 70లలో వచ్చిన కెమెరాల్లో వెలుగు కొలిచే మీటర్లు, విడిగా చేత్తో పట్టుకునే మీటర్లు ఎన్నో పీఎక్స్625 అనే పాదరసం సెల్లు మీద నడిచేవి. మినోల్టా ఎస్‌ఆర్‌టీ 101, కెనానెట్ క్యూఎల్17, ఒలింపస్ 35 ఆర్‌సీ ఒక్కొక్క సెల్లు తీసుకుంటాయి, గోసెన్ లూనాసిక్స్ 3కి రెండు కావాలి. వేసిన రోజు 1.35 వోల్టులు ఉంటే, అయిపోయే ముందు దాకా అదే 1.35 ఇవ్వడం ఆ సెల్లు గొప్పతనం. అందుకే మీటర్లు చేసినవాళ్లలో చాలామంది వోల్టేజిని సరిదిద్దే ఏర్పాటు లోపల పెట్టలేదు, సెల్లునే నమ్ముకున్నారు. పాదరసం విషం కాబట్టి అమెరికా 1996లోనే చట్టం తెచ్చింది. పాదరసం వాడకాన్ని అరికట్టే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, మన దేశం 2018లో చేరింది. ఆ సెల్లు ఇక రాదు. ఎక్కడైనా పాత నిల్వ దొరికినా కొనకండి, అది లోపలే ఎండిపోయి ఉంటుంది.

మీ మీటరుకు అసలు సెల్లు పెట్టే అరే లేకపోతే (వెస్టన్ మాస్టర్, ఒలింపస్ ట్రిప్ 35 లాంటివి) అది వెలుగుతోనే కరెంటు పుట్టించుకునే సెలీనియం మీటరు. దానికి ఈ తిప్పలు లేవు.

ముల్లు అసలు కదలడం లేదు

కొత్త సెల్లు వేసినా ముల్లు పడే ఉంటే ముందు అరను అనుమానించండి. ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయిన సెల్లు కారి, సెల్లు తగిలే రేకుల మీద తెల్లటి పొడి, పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. కారేది క్షారం కాబట్టి దాన్ని ఆమ్లంతోనే విరచాలి. ఇయర్ బడ్‌ను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి, పిండి, తడి తడిగా మాత్రమే రుద్దండి. చుక్క లోపలికి జారకూడదు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. గట్టిగా పట్టిన చిలుమును పెన్సిల్ రబ్బరుతో గీకితే చాలు. ఉప్పు కాగితం వాడితే పైపూత పోయి మళ్లీ తొందరగా చిలుము పడుతుంది.

రేకు మెరిసినా ముల్లు లేవకపోతే తీగ పోయినట్టు. చిలుము తీగ వెంట, దాని ప్లాస్టిక్ తొడుగు లోపలికి పాకుతుంది. పైకి తీగ బాగానే కనిపిస్తుంది కానీ గోటితో నొక్కితే పొడిలా రాలుతుంది. కింది ప్లేటు తీసి, అర రేకు నుంచి తీగ రెండో కొస దాకా మల్టీమీటర్ బీప్ పెట్టి చూడండి. బీప్ రాకపోతే ఆ ముక్క తీసేసి కొత్త సన్న తీగ సోల్డర్ చేయండి.

ముల్లు లేస్తోంది, కానీ నెగెటివ్‌లు పలచగా వస్తున్నాయి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వరంగల్ చౌరస్తాలో వాచీ సెల్లులు అమ్మే చోట "625 ఇవ్వండి" అంటే ఆల్కలైన్ 625 ఇస్తారు. అరలో అచ్చంగా కూర్చుంటుంది, ముల్లు కూడా లేస్తుంది. కానీ అది 1.5 వోల్టులు. ఎక్కువ వోల్టేజికి ముల్లు ఎక్కువ లేచి, లేని వెలుగును చూపిస్తుంది. మీరు అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే కన్నం) తగ్గిస్తారు, ఫిల్ముకు వెలుగు చాలదు.

"ఏఎస్‌ఏ (ఫిల్ము వేగం) డయల్ ఒక గీత తిప్పుకుంటే సరిపోతుంది" అని చాలామంది చెప్తారు. సరిపోదు. మొదటిది, తప్పు అన్ని వెలుగుల్లో ఒకేలా ఉండదు, ఎండకు ఒక లెక్క, నీడకు ఇంకో లెక్క. రెండోది, ఆల్కలైన్ వోల్టేజి వాడేకొద్దీ దిగుతూ పోతుంది. ఈ నెల సరిచేసిన లెక్క వచ్చే నెలకు పనికిరాదు.

పరిష్కారాలు రెండు. సులువైనది చెవిమిషన్‌కు వేసే జింక్-ఎయిర్ 675, నీలం స్టిక్కర్ ఉన్నది. అది 1.4 దరిదాపుల్లో నిలకడగా ఇస్తుంది. కాక్లియర్ ఇంప్లాంట్‌కు వాడే 675 వద్దు, గాలి ఎక్కువ పీల్చి తొందరగా ఎండుతుంది. 675 వ్యాసం 11.6 మి.మీ., 625 పెట్టే అర వ్యాసం దాదాపు 16. లోపలి వ్యాసం 11, మందం 2 మి.మీ. ఉన్న రబ్బరు ఓ-రింగ్ తొడిగితే కదలకుండా కూర్చుంటుంది. ఎత్తు అర మిల్లీమీటరుకు పైగా తక్కువ పడుతుంది కాబట్టి కింద పలుచటి ఇత్తడి వాషర్ వేయండి. కొన్ని కెమెరాలు పాజిటివ్‌ను సెల్లు పక్క అంచు నుంచి తీసుకుంటాయి. వాటికి రబ్బరు పనికిరాదు, లోహపు రింగే పెట్టాలి. స్టిక్కర్ పీకాక ఐదు నిమిషాలు ఆగి అప్పుడే లోపల వేయండి. స్టిక్కర్ కింద ఉండే గాలి చిల్లులను వాషర్‌తో మూయకండి.

రెండోది సిల్వర్ ఆక్సైడ్ ఎస్‌ఆర్44తోపాటు షాట్కీ డయోడ్. సెల్లు 1.55 నిలకడగా ఇస్తుంది, బీఏటీ83 లాంటి డయోడ్ అందులో 0.2 దాకా తినేస్తుంది, మీటరుకు 1.35 అందుతుంది. అర నుంచి వచ్చే నెగెటివ్ తీగ కోసి, డయోడ్ మీద గీత ఉన్న కొస సెల్లు వైపు వచ్చేలా సోల్డర్ చేయండి. మామూలు సిలికాన్ 1ఎన్4148 పెడితే అర వోల్టు దాకా పోతుంది, అది వద్దు.

పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌కు ఇవేవీ అక్కర్లేదు. దానిది బ్రిడ్జి సర్క్యూట్, వోల్టేజి మారినా కొలత మారదు. చిన్నదైన ఎస్‌ఆర్41కు ఒక రింగ్ తొడిగి వేస్తే చాలు. మీ కెమెరా ఏ రకమో తెలియకపోతే ఎస్‌ఆర్44, 675 ఒకటే సైజు కాబట్టి ఒకే రింగులో మార్చి మార్చి వేసి ఒకే గోడను కొలవండి. ముల్లు ఒకే చోట ఆగితే అది బ్రిడ్జి.

రెండు మూడు వారాలు బాగానే నడిచి ముల్లు దిగిపోతోంది

675 ఎండిపోయింది. స్టిక్కర్ పీకాక మీటరు వాడినా వాడకపోయినా దాని లోపలి తడి గాలికి పోతూనే ఉంటుంది. రోహిణి కార్తె పొడి ఎండల్లో ఇంకా తొందరగా పోతుంది. చిల్లుల్లో ఒకటి వదిలి మిగతావి టేపుతో మూస్తే ఎక్కువ రోజులు వస్తుంది, మీటరుకు కావలసిన కొద్దిపాటి కరెంటుకు ఒక చిల్లు చాలు. ఏడాది పొడవునా అప్పుడప్పుడు వాడే కెమెరాకైతే డయోడ్ దారే మేలు.

ఎండలో సరిగ్గా ఉంది, నీడలో తప్పుతోంది

డయోడ్ పెట్టాక ఇది కొంత సహజమే. కరెంటు పదో వంతుకు తగ్గితే డయోడ్ తినే వోల్టేజి దాదాపు 0.06 తగ్గుతుంది, అంటే మసక వెలుగులో మీటరుకు కాస్త ఎక్కువ అందుతుంది. డయోడ్ లేకుండానే తప్పుతుంటే అది సీడీఎస్ కన్ను (మీటరులో వెలుగును పసిగట్టే భాగం) గుణం. ఎండ చూసిన కన్నుకు ఆ వెలుగు కొన్ని నిమిషాలు గుర్తుంటుంది. వేయిస్తంభాల గుడి బయట కొలిచి వెంటనే లోపలి మండపంలో కొలిస్తే లెక్క తప్పుతుంది. మూత పెట్టి కాసేపు ఆగండి.

సరిచేశాక పరీక్షకు ఖిలా వరంగల్ మంచి చోటు. మబ్బులేని రోజు, నిండు ఎండ నేరుగా పడుతున్న తోరణం బూడిదరంగు రాయిని కొలవండి. ఏఎస్‌ఏ 100, షట్టర్ 1/125 దగ్గర మీటరు అపెర్చర్ ఎఫ్16కు అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపో సగమో) లోపు చూపిస్తే పని అయినట్టే.

తీసిన పాత పాదరసం సెల్లును కోయకండి, మంటలో వేయకండి, చెత్తబుట్టలోనూ పడేయకండి. మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన పాదరసం అని రాసి, పిల్లలకు అందకుండా దాచి ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకు ఇవ్వండి.