పాత షెవర్లే సీ10 ట్రక్కులో టాకోమీటర్ పాడైతే ఎలా బాగుచేయాలి?

అమెరికాలో 1967-72 నమూనాల షెవర్లే సీ10 పికప్ ట్రక్కుల్లో టాకోమీటర్, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపే మీటరు, అందరికీ రాలేదు. అదనంగా డబ్బు కట్టి కోరుకున్నవారికే కంపెనీ బిగించి ఇచ్చింది. అలాంటి మీటరును ముల్లు కదలడం లేదన్న ఒక్క కారణంతో పారేయకండి. తప్పు దానిలోనే ఉందని రుజువయ్యేదాకా డ్యాష్‌బోర్డు విప్పవద్దు.

ముందు లక్షణం చూడండి. ముల్లు అసలు లేవకపోతే కరెంటు, ఎర్త్ (ట్రక్కు లోహపు బాడీతో కనెక్షన్), స్పార్కు కోసం వోల్టేజి పెంచే కాయిల్ నుంచి వచ్చే సిగ్నల్, ఈ మూడింటిలో ఏదో అందడం లేదేమో చూడాలి. ఎగిరెగిరి పడుతుంటే వదులైన కనెక్షన్ గానీ, అరిగిన పాయింట్లు (ఇంజిన్ తిరుగుతుంటే కలుస్తూ విడిపోతూ స్పార్కు పుట్టించే స్విచ్చు) గానీ కారణం కావచ్చు. ఎప్పుడూ ఒకే పాళ్లలో ఎక్కువ చూపిస్తుంటే సిలిండర్ల లెక్క సరిచూడండి. ఆరు సిలిండర్ల మీటరును ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌కు తగిలిస్తే 1500 ఆర్‌పీఎంను 2000గా చూపిస్తుంది.

ఇప్పుడు పరీక్ష. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేయండి. కాయిల్ నుంచి, స్పార్కును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే లావు తీగను ఊడదీసి ఎర్త్‌కు కలపండి. ఇది మరిచిపోతే ఇంజిన్ హఠాత్తుగా తిరిగి చేతికి దెబ్బ తగలవచ్చు. తాళం ఆన్ చేసి, ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ కాయిల్ నెగటివ్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. పాయింట్లు విడినప్పుడు బ్యాటరీ వోల్టేజి, కలిసినప్పుడు దాదాపు సున్నా రావాలి. మీటరు వైపు తీగ చివర కూడా అదే మార్పు కనిపించాలి. అక్కడ కనిపించకపోతే తెగింది తీగే, కొత్త తీగ వేస్తే పని పూర్తవుతుంది. పరీక్ష ముగిశాక తాళం వెంటనే ఆఫ్ చేయండి, కాయిల్ వేడెక్కుతుంది.

సిగ్నల్ వస్తున్నా ముల్లు లేవకపోతే అప్పుడు విప్పాలి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, వెనక నుంచి స్పీడోమీటర్ కేబుల్, వైర్ల ప్లగ్గు విడదీయండి. మీటర్ల పెట్టె వెనక పలుచని ముద్రిత సర్క్యూట్ పొర ఉంటుంది, అది చిరిగితే మరో తలనొప్పి. లోపల సాధారణంగా దెబ్బతినేవి కెపాసిటర్లు, బీటలిచ్చిన సోల్డర్ అతుకులు. అదే విలువ కెపాసిటర్ వేసి, ప్లస్ మైనస్ తారుమారు కాకుండా చూసుకోండి. బోర్డు కాలిపోయి ఉంటే బోర్డు మాత్రమే మార్పించండి. నా ఉద్దేశంలో పాత డయలు, ముల్లు ఉంచడమే ఆ ట్రక్కుకు న్యాయం.

బిగించే ముందు సరిచూడాలి. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకు నాలుగు స్పార్కులు పడతాయి. కాబట్టి మీటరుకు తగిన వోల్టేజితో సిగ్నల్ జనరేటర్ నుంచి 40 హెర్ట్జ్ ఇస్తే 600, 100 ఇస్తే 1500, 200 ఇస్తే 3000 చూపించాలి.

ఆ ట్రక్కుకు తరువాతి కాలపు హెచ్‌ఈఐ (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్) డిస్ట్రిబ్యూటర్ పెట్టి ఉంటే, తీగను దాని మూత మీద ‘టాక్’ అని రాసి ఉన్న టెర్మినల్‌కు కలపండి. మధ్యలో ఫిల్టర్ తప్పక పెట్టండి. పాత బోర్డు ఆ వోల్టేజి ఉరవడికి తట్టుకోకపోవచ్చు.